క్రీమ్ కొనుక్కొచ్చిన కథ: వంట వీడియోలు చూస్తూ వంటింటి ఇంగ్లీషు నేర్చుకోవడం ఎలా

నాలుగేళ్ల కిందట ఇంటికి కొత్తగా ఓటీజీ, అంటే కేకులు కాల్చే కరెంటు ఓవెన్, వచ్చింది. మొదటి కేకు ఒక అమెరికా ఆవిడ వీడియో చూసి మొదలుపెట్టాను. ఆమె నవ్వుకుంటూ "క్రీమ్ ది బటర్ అండ్ షుగర్" అంది. వెన్న ఉంది, చక్కెర ఉంది, క్రీమ్ లేదు. సరే అని పర్సు తీసుకుని మా తిరుపతిలో బైరాగిపట్టెడ నుంచి లీలామహల్ సర్కిల్ దాకా ఎండలో పోయి ఒక ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ తెచ్చి, మొత్తం వెన్నలో గుమ్మరించి కలిపాను. కేకు మధ్యలో గుంట పడింది, అడుగున హల్వా అయింది. మా వాడు స్పూనుతో తిని "అమ్మా, పేరు మార్చేయ్, బాగానే ఉంది" అన్నాడు.

అసలు సంగతి చాలా రోజులకు తెలిసింది. ఆమె నోట్లో క్రీమ్ అనేది వస్తువు కాదు, పని. మెత్తబడిన వెన్నలో చక్కెర వేసి, రంగు తేలి, నురుగులా తేలికయ్యేదాకా గిలకొట్టడాన్ని క్రీమ్ చెయ్యడం అంటారు. ఆ వీడియోలో ఆమె చేతులు చేస్తున్నది నా కళ్లకు కనబడుతూనే ఉంది, కానీ నేను చేతుల్ని వదిలేసి మాటను పట్టుకున్నాను. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం ఒక్కటే.

నేను చదివింది తెలుగు మీడియం. ఇప్పుడు ఇంటి దగ్గరే కేకుల ఆర్డర్లు చేస్తున్నా, వంట వీడియో ఏ దేశానిదైనా పెద్దగా టెన్షన్ లేకుండా చూస్తాను. మధ్యలో "వంటింటి ఇంగ్లీషు పదాలు 200" లాంటి పట్టికలు కూడా బట్టీ పట్టాను. దండగ. ఫ్రై అంటే వేయించడం, రోస్ట్ అంటే వేయించడం, టోస్ట్ అంటే వేయించడం అని రాసి ఉంటే ఏం నేర్చుకుంటాం? మన వంటింటి మాటలూ వాళ్ల వంటింటి మాటలూ ఒకదానికొకటి సరిగ్గా అతకవు, అందుకే మాటను చేతి పనితో కలిపి పట్టుకోవాలి. అది ఎలాగో నాకు పనికొచ్చిన వరుసలో చెప్తాను.

మొదట: తెలిసిన వంట, తెలియని భాష

మీకు చెయ్యి తిరిగిన వంటనే ఇంగ్లీషులో చూడండి. పులిహోర, ఉప్మా, టమాటా పప్పు, కోడికూర, ఏదైనా సరే. తెలిసిన వంటకు వీడియో ఎందుకు అనిపిస్తుంది గానీ, తెలిసింది కాబట్టే చూడాలి. ఆవాలు చిటపటలాడాక ఏం పడుతుందో మీకు ముందే తెలుసు, ఇక పని చెవికి మాత్రమే. కొత్త వంట, కొత్త భాష రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే నా క్రీమ్ కథే.

వీడియో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఉంటే చాలు. చేతులు దగ్గరగా కనబడాలి, మనిషి నోరు తెరిచి చెప్పాలి. వెనకాల పాట పెట్టి మాట లేకుండా కూరగాయలు కోసేవి చూడ్డానికి హాయిగా ఉంటాయి, మన పనికి రావు. వాహ్ చెఫ్‌గా అందరికీ తెలిసిన సంజయ్ తుమ్మ మన తెలుగువాడే, ఇంగ్లీషులో చెప్తాడు. మన వంటలకు ఇంగ్లీషు మాటలు ఎలా వాడతారో వినడానికి అలాంటి వాళ్లతో మొదలుపెట్టడం సులువు. బ్రిటన్ చెఫ్ గోర్డన్ రామ్సే లాంటి వాళ్లను మూడో నెల దాకా ముట్టుకోవద్దని నా సలహా. ఆయన వేగానికి నేను మొదట్లో "ఆయిల్" అన్న ఒక్క మాట తప్ప ఏదీ పట్టుకోలేకపోయాను.

వరుస ఏమిటంటే, నెల రోజులు మన వంటలు, తర్వాత ఫ్రైడ్ రైస్, పాస్తా, ప్యాన్‌కేక్ లాంటివి, చివరికి కేకులు, బ్రెడ్డు. బేకింగ్‌లో మాట ఒకటి తప్పితే తిండి చెడిపోతుంది, కూరలో తప్పితే సర్దుకోవచ్చు.

ఒకే వీడియో మూడు సార్లు

మొదటిసారి సౌండ్ పూర్తిగా తీసేయండి. తెర మీద ఏం జరుగుతుందో మీరే తెలుగులో పైకి చెప్పండి, "నూనె పోసింది, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేసింది, మూత పెట్టింది" అని. పిచ్చిగా అనిపిస్తుంది, మా అత్త కూడా వాకిట్లోంచి తొంగి చూసి "ఎవురితో మాట్లాడతా ఉండావు?" అంది. కానీ దీనివల్ల ప్రతి పనికీ మీ నోట్లో ఒక తెలుగు మాట సిద్ధంగా ఉంటుంది, ఇంగ్లీషు మాట వచ్చి దాని పక్కన కూర్చుంటుంది.

రెండోసారి సౌండ్ పెట్టి, కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేలా సీసీ బటన్ నొక్కండి. తెలుగు అనువాదం పెట్టుకోకండి, కళ్లు తెలుగు చదువుకుంటూ పోతాయి, చెవి నిద్రపోతుంది. యూట్యూబ్‌లో గేర్ గుర్తు నొక్కితే ప్లేబ్యాక్ స్పీడ్ ఉంటుంది, 0.75కి తగ్గించండి. అంతకంటే తగ్గిస్తే తాగినవాడి మాటల్లా సాగుతుంది, ఏమీ నేర్చుకోలేం. ఫోన్‌లో తెర ఎడమవైపు రెండుసార్లు తడితే పది సెకన్లు వెనక్కి పోతుంది. కంప్యూటర్‌లో అయితే జె అక్షరం నొక్కితే పది సెకన్లు వెనక్కి, కె నొక్కితే ఆగుతుంది, ఎల్ నొక్కితే ముందుకి. చాలా వీడియోల కింద వివరణ తెరిస్తే మాటలన్నీ రాసి ఉన్న ట్రాన్‌స్క్రిప్ట్ కూడా దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఆ అక్షరాలు చాలాసార్లు మనుషులు రాసినవి కావు, యంత్రం విని రాసినవి. పిండికీ పువ్వుకీ ఇంగ్లీషులో శబ్దం ఒక్కటే, ఫ్లవర్. థైమ్ అని రాసే ఆకును టైమ్ అనే పలుకుతారు. లీక్ అనే ఉల్లిజాతి కాడకూ, ట్యాంకు లీకుకూ తేడా వినబడదు. అందుకని కేకులోకి రెండు కప్పుల పువ్వులు వెయ్యమని కనబడితే కంగారు పడొద్దు.

మూడోసారి అక్షరాలు తీసేసి, మామూలు వేగంలో. అన్నీ అర్థం కావాలని లేదు. ఎక్కడ తెగిపోయిందో అక్కడ ఆపి, ఆ ఒక్క ముక్క మాత్రం మళ్లీ వినండి.

ఒక్క వాక్యం పట్టుకుని కూర్చుంటే

వంట ఇంగ్లీషులో వాక్యాలు ఎన్నో లేవు, మూడు నాలుగు అచ్చులు తిరుగుతూ ఉంటాయి. ఉదాహరణకు ఇది చూడండి: "హీట్ ఎ టేబుల్‌స్పూన్ ఆఫ్ ఆయిల్ ఓవర్ మీడియం హీట్. వన్స్ ఇట్స్ హాట్, యాడ్ ది ఆనియన్స్ అండ్ కుక్ అంటిల్ గోల్డెన్ బ్రౌన్."

ఇందులో హీట్ రెండుసార్లు వచ్చింది. మొదటిది కాచు అనే పని, రెండోది మంట. ఓవర్ అంటే పైన అని బళ్లో చెప్పారు, ఇక్కడ ఊరికే మధ్యరకం మంట పెట్టి అని. వన్స్ దగ్గర నేను చాలాకాలం తప్పు చేశాను, "ఒకసారి" అనుకుని నూనె ఒకసారి వేడి చేసి ఆపాలేమో అనుకునేదాన్ని. ఇక్కడ వన్స్ అంటే మన "కాగాక"లోని "ఆక". అంటిల్ అంటే మన "దాకా". గోల్డెన్ బ్రౌన్ అంటే దోరగా. అంటే మొత్తం వాక్యం మన ఇంట్లో అనుకునే "నూనె కాగాక ఎర్రగడ్డ వేసి దోరగా అయ్యేదాకా వేయించు" తప్ప ఇంకేమీ కాదు. ఆక, దాకా, ఈ రెండిటినీ వన్స్, అంటిల్ దగ్గర పట్టుకున్నారంటే సగం వీడియో మీ చేతికొచ్చినట్టే. మిగతాది వైల్, అంటే "ఉడుకుతుండగా"లోని "ఉండగా".

ఇంకో లాభం ఏమిటంటే వంటలో అంతా ఆజ్ఞలే. యాడ్, స్టర్, కవర్, సర్వ్. గ్రామర్ భయం ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు, పని మాట ముందు, వస్తువు తర్వాత, అంతే.

కలపడం ఒక్కటే, వాళ్లకు అరడజను

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా డబ్బు ఎక్కువ పోయింది ఇక్కడే. తెలుగులో మనం అన్నిటికీ "కలుపు" అంటాం. ఇంగ్లీషు వీడియోలో మాటను బట్టి చెయ్యి మారాలి.

మిక్స్ అంటే ఎలాగో ఒకలా కలవాలి. స్టర్ అంటే గరిటెతో గుండ్రంగా తిప్పడం, పాయసం అడుగంటకుండా తిప్పినట్టు. బీట్ అంటే గట్టిగా, వేగంగా కొట్టడం, ఆమ్లెట్‌కి గుడ్డు గిలకొట్టినట్టు. విస్క్ అంటే తీగల పరికరంతో గాలి ఎక్కేలా గిలకొట్టడం, మన కవ్వం పనికి దగ్గర, కాకపోతే కవ్వాన్ని అరచేతుల మధ్య తిప్పుతాం, దీన్ని మణికట్టుతో ఆడిస్తారు. టాస్ అంటే పాన్‌లో ఎగరేసి గానీ, గిన్నెలో కిందిది పైకి తెచ్చి గానీ తేలిగ్గా కలపడం, ఆకుకూరల సలాడ్‌కీ నూడుల్స్‌కీ ఎక్కువ వాడతారు. నీడ్ అంటే చపాతీ పిండిని పిసకడం.

ఇక ఫోల్డ్. బట్టలు మడవడం అనే అర్థం ఒక్కటే తెలిసి, "ఫోల్డ్ ఇన్ ది ఎగ్ వైట్స్" అన్నప్పుడు ఏం మడవాలో అర్థంకాక, గిలకొట్టిన తెల్లసొనను మామూలుగా గరిటెతో గిరగిరా తిప్పేశాను. అరగంట కష్టపడి ఎక్కించిన గాలి అర నిమిషంలో పోయింది, మబ్బులా ఉన్నది కాస్తా నీళ్లయింది. ఫోల్డ్ చెయ్యడం ఎలాగంటే, వెడల్పాటి స్పాచులాను గిన్నె మధ్యలో కత్తిలా నిలువుగా దించి, అడుగున గీకుతూ మీ వైపుకు తెచ్చి, కిందిదాన్ని మెల్లగా పైన పరచాలి, గిన్నెను పావు చుట్టు తిప్పి మళ్లీ అదే. దుప్పటి మడత వేసినట్టే ఉంటుంది చూడ్డానికి, పేరు ఊరికే రాలేదు. ఈ ఒక్క పనినీ మూడు వేర్వేరు వీడియోల్లో చూడండి, ముగ్గురి చెయ్యీ ఒకేలా కదులుతుంది. అప్పుడు ఆ మాట మరి మర్చిపోరు.

కోయడంలోనూ ఇంతే. చాప్ అంటే ముక్కలు చెయ్యడం, కొలత పట్టింపు లేదు. డైస్ అంటే పాచికల్లా ఒకే సైజు చదరపు ముక్కలు. స్లైస్ అంటే పలచని బిళ్లలు. మిన్స్ అంటే తెల్లగడ్డను (వెల్లుల్లిని) ముద్దకు ఒక్క అడుగు ఇవతల దాకా సన్నగా తరగడం. కానీ మాంసం దగ్గర బ్రిటన్ వాళ్లు మిన్స్ అంటే కీమా, అదే అమెరికా వాళ్లకు గ్రౌండ్ మీట్. జూలియెన్ అంటే అగ్గిపుల్లల్లా. "ఫైన్‌లీ" అంటే బాగా అని కాదు, సన్నగా అని. "ఫైన్ పేస్ట్" అంటే మెత్తటి ముద్ద. దానికి ఎదురు మాట కోర్స్, మన కచ్చాపచ్చా. మా అత్త రోట్లో ఊరిబిండి పచ్చడి నూరేటప్పుడు చెనిక్కాయలు (వేరుసెనగలు) పూర్తిగా మెదిగితే ఊరుకోదు, పంటికి తగలాలి అంటుంది. ఆ పంటికి తగలడమే కోర్స్ అని ఒకసారి ఆమెకు చెప్తే, "ఇంగిలీషులో చెప్తేగానీ నూరుకోలేవా ఏంది" అనేసి తన పని తాను చేసుకుంది.

సెగ దగ్గర మాటలు

గ్యాస్ స్టవ్ దగ్గర "సిమ్‌లో పెట్టు" అని తెలుగువాళ్లందరం అంటాం. ఆ సిమ్, సిమర్ అనే మాట ముక్కే. బాయిల్ అంటే పెద్ద బుడగలతో కుతకుత ఉడకడం, సిమర్ అంటే అంచుల్లో చిన్న బుడగలు లేస్తూ మెల్లగా ఉడకడం. వీడియోలో తరచుగా వచ్చే వాక్యం, "బ్రింగ్ టు ఎ బాయిల్, దెన్ రెడ్యూస్ టు ఎ సిమర్", అంటే ఒక పొంగు రానిచ్చి సెగ తగ్గించు.

ఇదే రెడ్యూస్ ఇంకోచోట వేరే అర్థంలో వస్తుంది. "రెడ్యూస్ ది సాస్" అంటే సెగ తగ్గించడం కాదు, పులుసును ఇగరబెట్టడం. వెనకాల సాస్ ఉందా హీట్ ఉందా చూసుకోండి.

మన వేయించడం వాళ్ల దగ్గర ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. నూనెలో మునిగేలా అయితే డీప్ ఫ్రై, అడుగున కాస్త నూనెతో అయితే షాలో ఫ్రై, కొంచెం నూనెలో మంట పెంచి త్వరగా కదిలిస్తూ అయితే సోటే, నూనె లేకుండా జీలకర్ర, ధనియాలు అయితే టోస్ట్ లేదా డ్రై రోస్ట్, ఓవెన్‌లో పెట్టి అయితే ఊరికే రోస్ట్. అంటే మన వేరుసెనగలు వేయించడం, ఎర్రగడ్డలు వేయించడం, అప్పడాలు వేయించడం మూడూ మూడు మాటలు. మూత పెట్టి వంకాయ మగ్గబెట్టడానికి ఒక్క మాట వెతికి వెతికి అలిసిపోయాను. ఎర్రగడ్డ రంగు మారకుండా మెత్తబడటానికి స్వెట్ అంటారు, కూరగాయకైతే "కవర్ అండ్ కుక్ ఆన్ లో హీట్" అని వాక్యంగానే చెప్తారు. కొన్నిటికి వాళ్ల దగ్గర మాట లేదు, మన దగ్గరే ఉంది, అలాంటప్పుడు డిక్షనరీని తిట్టుకోవద్దు.

తాళింపు సంగతి తమాషా. మన దేశంలో టెంపరింగ్ అంటాం. చాక్లెట్ చేసేవాళ్లకు టెంపరింగ్ అంటే కరిగిన చాక్లెట్‌ను ఒక లెక్కలో చల్లార్చి మెరుపు తెప్పించడం. కస్టర్డ్ చేసేవాళ్లకు గుడ్డు సొన విరిగిపోకుండా వేడి పాలను కొంచెం కొంచెంగా పోసి అలవాటు చెయ్యడం. మూడింటికీ ఒకే మాట. నేనొకసారి "టెంపర్ ది ఎగ్స్" అని విని ఆవాలు తియ్యబోయాను, చెప్పుకుంటే సిగ్గు.

మీకు అరిసెల పాకం వచ్చా? అయితే బేకరీ వాళ్లు గొప్పగా చెప్పే సాఫ్ట్ బాల్ స్టేజ్ మీకు వచ్చు. చల్లటి నీళ్లలో పాకం చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టడమే అది. వాళ్లు థర్మామీటర్ పెట్టి 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ అంటారు, మనం గిన్నెలో నీళ్లు పెట్టుకుంటాం. తీగ పాకం ఇంగ్లీషు వీడియోల్లో వన్ స్ట్రింగ్ కన్సిస్టెన్సీ అవుతుంది. బూందీ లడ్డు వీడియో ఒకటి ఇంగ్లీషులో చూడండి, ఈ మాట వినబడుతుంది.

పేర్ల గొడవ

వంకాయ మన ఇంగ్లీషులో బ్రింజాల్, బ్రిటన్‌లో ఆబర్జీన్, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. బెండకాయ మనకు లేడీస్ ఫింగర్, వాళ్లకు ఓక్రా. దీనికి తలపట్టుకునే వాళ్లకు ఒకటే మాట: మన చిత్తూరు వైపు ఎర్రగడ్డ, ఉర్లగడ్డ, తెల్లగడ్డ అంటాం, విజయవాడ పోయి అడిగితే ఉల్లిపాయ, బంగాళదుంప, వెల్లుల్లి. ఒక భాషలోనే ఇన్ని పేర్లతో మనం బతికేస్తున్నాం కదా.

కొత్తిమీర ఆకును అమెరికా వాళ్లు సిలాంట్రో అంటారు, కోరియాండర్ అంటే వాళ్ల ఉద్దేశం ధనియాలు. మైదా బ్రిటన్‌లో ప్లెయిన్ ఫ్లవర్, అమెరికాలో ఆల్ పర్పస్ ఫ్లవర్. రవ్వ సెమొలీనా. క్యాప్సికమ్ అమెరికాలో బెల్ పెప్పర్. ఉల్లికాడలు స్ప్రింగ్ ఆనియన్, లేదా స్కాలియన్. రొయ్యలు ప్రాన్స్ లేదా ష్రింప్. ఇవి తప్పినా కొంప మునగదు, తెర మీద కనబడుతుంది.

కొంప మునిగేవి రెండు. కార్న్‌ఫ్లోర్ అని మనం కొనే తెల్లటి మెత్తటి పొడిని అమెరికా వీడియోలో కార్న్‌స్టార్చ్ అంటారు, వాళ్లు కార్న్ ఫ్లోర్ అన్నారంటే మొక్కజొన్న పిండి. రెండోది బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్. మొదటిది మన వంట సోడా, దాన్నే బ్రిటన్ వాళ్లు బైకార్బొనేట్ ఆఫ్ సోడా అంటారు, రెండోది సోడాకు పుల్లటి పదార్థం ముందే కలిపిన పొడి. ఒకదాని బదులు ఇంకొకటి అదే కొలతలో వేస్తే కేకు సబ్బు రుచి వస్తుంది, లేదా పొంగదు.

పేర్లు నోటికి రావడానికి నేను చేసేది ఒకటే. రైతుబజారుకు పోయినప్పుడు ఒక్కో కుప్ప దాటుతూ మనసులో ఇంగ్లీషు పేరు అనుకుంటాను, రానిది ఇంటికొచ్చాక చూస్తాను. వారానికి రెండు మిగులుతాయి, అవి చాలు.

350 అంటే ఎంత?

రెండో కేకు మాడిపోయింది. ఆవిడ 350 డిగ్రీలు అంది, నా ఓటీజీ మీద చివరి అంకె 250. ఉన్నంతలో పూర్తిగా తిప్పేశాను. పైన బొగ్గు, లోపల జావ. ఆమె చెప్పింది ఫారెన్‌హీట్, 350 ఫారెన్‌హీట్ అంటే దాదాపు 177 సెల్సియస్. ఎప్పుడూ వచ్చేవి నాలుగైదే కాబట్టి ఓటీజీ పక్కన గోడ మీద రాసి అంటించుకోండి: 325 అంటే 160, 350 అంటే 175, 375 అంటే 190, 400 అంటే 200, 425 అంటే 220. మన డయల్ మీద ఇంతకంటే సరిగ్గా తిప్పలేం కూడా.

అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, మన కాఫీ గ్లాసు కాదు. టేబుల్‌స్పూన్ 15 మిల్లీలీటర్లు, టీస్పూన్ 5. వెన్నకు "ఎ స్టిక్" అంటే సుమారు 113 గ్రాములు, అర కప్పు. పౌండు 454 గ్రాములు, ఔన్సు 28. కొలతకు ముందు వచ్చే మాట కూడా వినండి: లెవెల్ అంటే తలకొట్టు, హీపింగ్ అంటే గోపురంలా, ప్యాక్డ్ అంటే అదిమి, పించ్ అంటే చిటికెడు.

నోరు తిరగడం

రెసిపీ, మూడు ముక్కలుగా పలకండి, రెసైప్ కాదు. నీడ్‌లో మొదట కె రాస్తారు గానీ పలకరు. సామన్ చేపలో ఎల్ పలకరు. ఓవెన్ అని మనం అంటాం, వాళ్లు "అవెన్" అంటారు. డో అంటే ముద్ద పిండి, బ్యాటర్ అంటే జారుడు పిండి, మనం రెండిటికీ పిండి అంటాం కాబట్టి ఈ జంటను కలిపే నేర్చుకోండి, చపాతీకి డో, దోసెకు బ్యాటర్. హెర్బ్‌ను అమెరికా వాళ్లు "ఎర్బ్" అంటారు. యాస పట్టుకోవాలని తంటాలు పడొద్దు, చెవికి అందితే చాలు.

ఇప్పుడు మీరే చెప్పండి

వినడం ఒక్కటే అయితే మాట నోటికి రాదు. మీరు వంట చేస్తూ చెఫ్‌లాగా పైకి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేయండి, ఎవరికీ పంపనక్కర్లేదు. నేను మొదట రికార్డు చేసింది రాగి సంగటి. బియ్యం మెత్తగా ఉడికించడం వచ్చింది, "యాడ్ ది రాగి ఫ్లవర్, డోంట్ స్టర్, కవర్ అండ్ కుక్ ఫర్ టెన్ మినిట్స్" కూడా వచ్చింది. తర్వాత కట్టెతో ఉండలు లేకుండా కెలకాలి, ఆ తర్వాత చెయ్యి తడిచేసి ఉండలు చెయ్యాలి. ఉండలు వద్దు, ఉండలు కావాలి! తెలుగులో మనకు ఇబ్బంది లేదు, సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషులో మొదటివి లంప్స్, రెండోవి బాల్స్. "స్టర్ అంటిల్ దేర్ ఆర్ నో లంప్స్, దెన్ షేప్ ఇంటు బాల్స్ విత్ వెట్ హ్యాండ్స్." ఈ వాక్యం రావడానికి ఆ రోజు నాలుగు టేకులు పట్టింది, సంగటి చల్లారిపోయింది, కానీ ఇన్నేళ్లయినా ఆ రెండు మాటలు కలగలవలేదు.

మీ ఇంటి వంటనే చెప్పుకోండి. వీడియోలో దొరకని వంట చెప్పబోతే ఎక్కడ మాట లేదో బయటపడుతుంది, అప్పుడు ఆ మాట కోసం మీరే వెతుక్కుంటారు. హోటల్ వంటింట్లో ఉద్యోగం చూసుకునే పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం, మన తిరుపతిలోనే ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అలాంటి చోట చేరాలనుకున్నా, గల్ఫ్‌లో వంటపనికి పోవాలనుకున్నా ఎదుటివాడు అడిగేది డైస్‌కీ మిన్స్‌కీ తేడా. నోటితో కాకపోయినా కత్తితో చూపించగలగాలి.

వారం ఇలా పెట్టుకోండి

ఒక వారానికి ఒకే వంట, అంతకంటే వద్దు. సోమవారం సౌండ్ లేకుండా, మంగళవారం అక్షరాలతో, బుధవారం అక్షరాలు లేకుండా. చూస్తూ పనిమాటలు ఎనిమిది మించకుండా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి, పక్కన తెలుగు అర్థం రాయకండి, ఆ పని ఏ వంటలో చేశారో రాయండి. ఫోల్డ్ ఎదురుగా నా కాగితంలో "స్పాంజి కేకు, దుప్పటి" అని ఉంటుంది. గురువారం, శుక్రవారం ఏమీ చెయ్యకపోయినా పర్లేదు, ఇంట్లో పనులుంటాయి. శనివారం ఆ వంట చేస్తూ మీరే చెప్పండి.

ఆదివారం పరీక్ష. అదే వంట ఇంకొకరు చేసిన వీడియో పెట్టి, ఫోన్‌ను డబ్బాల అర మీద బోర్లించండి. బొమ్మ కనబడకూడదు, మాట విని మాత్రమే వండాలి. ఒక ముక్కను రెండుసార్ల కంటే వెనక్కి తిప్పొద్దు, అప్పటికీ తెలియకపోతే ఫోన్ తిప్పి చూసేయండి, ఆ మాట వచ్చే వారం కాగితంలోకి పోతుంది.

పోయిన ఆదివారం నేను అలా ప్యాన్‌కేక్‌లు చేశాను. అంతా బాగానే సాగి "లెట్ ది బ్యాటర్ రెస్ట్" దగ్గర ఆగాను, అర్థంకాక కాదు, పదిహేను నిమిషాలు పిండిని కదపకుండా పక్కన పెట్టమంటుంది కాబట్టి. మా అత్త వచ్చి ఏమైంది, పొయ్యి వెలిగించలేదే అంది. పిండికి రెస్టు ఇవ్వాలంట అత్తా అన్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, "అయితే నాకూ ఒక పదిహేను నిమిషాలు" అంది.